ఏ దేవుడూ ఎక్కని జిరాఫీ

దివానుగారు పుట్టి బుద్ధెరిగి సింహాన్ని చూసినవారు కాదు. చెక్కిన శిల్పి సంగతి సరేసరి. అయినా బంగళా మెట్లకు అటొకటి ఇటొకటి సింహాలు ఉండి తీరాలని ఆయన పట్టుదల. మీసాలతో మనిషిని బెదరగొట్టే మొహం ఆ శిల్పికి ఒక్కటే తెలుసు, అది దివానుగారి మొహం. దాన్నే చెక్కి కింద సింహం ఒళ్ళు తగిలించాడు. అందువల్ల నూజివీడు నుంచి విస్సన్నపేట పోయే దారిలో, మామిడితోటల నడుమ ఉన్న దివాను బంగళా ముందు ఈనాటికీ ఇద్దరు దివానుగార్లు ముందరికాళ్ళు చాపుకుని, తోక పక్కకు వేసుకుని కూర్చుని ఉంటారు.

ఏనుగు ఫరవాలేదు, ఏనుగును ఆ శిల్పి ఊరేగింపుల్లో చూసి ఉంటాడు. ఎద్దు బ్రహ్మాండంగా కుదిరింది, ఎద్దులతోనే కదా అతని బతుకంతా. చిక్కల్లా జిరాఫీతో వచ్చింది. ఎవరో దొర బల్ల మీద బొమ్మల పుస్తకంలో దాన్ని చూసి దివానుగారు మోజుపడ్డారు. ఇంటికొచ్చి నోటితో వర్ణించారు. పొడుగు మెడ, ఒంటినిండా మచ్చలు, నెత్తిన చిన్న కొమ్ములు. శిల్పి కాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. కాళ్ళు పొడుగ్గా తీశాడు, పొట్ట తీశాడు, మెడ దగ్గరకు వచ్చేసరికి రాయి అయిపోయింది. మిగిలిన కాస్త రాతిలో తలను ఎలాగో ఇరికించి, మచ్చలకు బదులు ఒళ్ళంతా గుంటలు తవ్వి, కూలి తీసుకుని వెళ్ళిపోయాడు. చూసినవాళ్ళెవరైనా అది మశూచి తగిలిన గాడిద అంటారు. దివానుగారు మాత్రం బతికినన్నాళ్ళూ జిరాఫీ అనే అన్నారు. ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది?

దివాణం పోయింది, దొరలు పోయారు. దివానుగారి మనవలు తోటతో సహా బంగళాను నూజివీడు మామిడి వ్యాపారి లక్ష్మీనరసింహారావుకు అమ్ముకుని పోయారు. ఆయన కొన్నది చెట్లను చూసి. రాళ్ళు ఊరికే వచ్చాయి.

ఆ లక్ష్మీనరసింహారావు పెద్దకూతురే సుభద్ర. చింతలపూడి కిరాణా కొట్టువాళ్ళకు ఇచ్చి పెళ్ళి చేశారు. నిండా ముప్ఫయ్యేళ్ళు రాకముందే మొగుడు జ్వరంతో పోయాడు. పుట్టింటికి తిరిగివస్తే నూజివీడు ఇంట్లో ఆమెకు చోటు కుదరలేదు. చోటు లేక కాదు, చావిడి నిండా చోటే. పొద్దున్నే కొట్టు తెరవడానికి బయల్దేరే మగవాళ్ళకు ఆవిడ ఎదురు రాకూడదు, అదీ సంగతి. "తోటకు ఒక మనిషి కావాలి" అన్నారు. తోటకు మనిషి కావలసిందీ నిజమే, ఇంటికి ఈ మనిషి అక్కర్లేకపోయిందీ నిజమే. తల్లి ఒక్కతే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తక్కినవాళ్ళు సామాను సర్దిపెట్టారు.

అప్పట్నుంచీ సుభద్ర దివాను బంగళాలోనే ఉంది. కాయ కోసే రోజుల్లో చిక్కాలు పట్టుకుని వచ్చే కూలీలకు అన్నం వండేది. తక్కిన రోజుల్లో తనకొక్కదానికీ వండుకునేది. ఏనుగు వీపు వెడల్పు కాబట్టి దాని మీద చాప పరిచి తాండ్ర పోసేది. రాయి వేడికి అడుగు పొర ఎంత చక్కగా ఎండేదనీ! ఎద్దు మీద మామిడి ఒరుగులు. జిరాఫీ కొమ్ముల నుంచి వసారా స్తంభం దాకా బట్టలారేసుకునే తాడు. పనులు చేసుకుంటూ వాటితో మాట్లాడేది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, తనను చూడగానే చెప్పులు విడిచి, వెనక్కి వెళ్ళి కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరే లోకంలో, ఎదురొచ్చినా మొహం తిప్పుకోనివి ఆమెకు ఆ అయిదు రాళ్ళే.

ఇప్పుడు తమ్ముడు పాండురంగారావు వాటిని అమ్మేస్తానంటున్నాడు.

పాండురంగారావుది నూజివీడులో మామిడి కమీషన్ వ్యాపారం. తండ్రి నుంచి కొట్టూ, తోటా, బంగళా అన్నీ అతనికే వచ్చాయి. అతని తెలివితేటలన్నీ ఒకే ఒక్క కిటుకులో ఇమిడిపోతాయి: తట్టలో పైవరసకు నిగనిగలాడే కాయలు పేర్చడం. అడుగున మచ్చకాయ, పైన బంగారం. ఇల్లూ అలాగే నడుపుతాడు. వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో గోడకు గోడంత టీవీ, పడకగదిలో దూది బయటకొచ్చిన పరుపు. మనిషీ అంతే. పైన పట్టు లాల్చీ, లోపల చిల్లుల బనీను. చిన్నప్పుడు అతని చిల్లుల బనీన్లు ఉతికింది సుభద్రే కాబట్టి ఆమె దగ్గర ఆ పట్టు లాల్చీ ఆటలు సాగేవి కావు.

కొనడానికి వచ్చిన రాఘవేంద్రకు హైదరాబాదు శివార్లలో ఏదో రిసార్టు ఉందట. నల్లకళ్ళద్దాలు, తెల్లబూట్లు, మణికట్టు నిండా ఎర్రదారాలు. కారు దిగి, పుచ్చకాయ కొనేవాడిలా సింహం తల మీద వేళ్ళతో కొట్టి చూశాడు.

"ఎన్నేళ్ళవి అండీ ఇవి?"

"వెయ్యేళ్ళు" అన్నాడు పాండురంగారావు రెప్ప వెయ్యకుండా.

వసారాలో బియ్యం ఏరుకుంటున్న సుభద్ర ఫక్కున నవ్వింది. "వెయ్యేళ్ళా? ఆ దివానుగారి మనవడు మన నాన్న దగ్గర చుట్టలు అడిగి కాల్చేవాడు కదరా పాండూ. వెయ్యేళ్ళ చుట్టలా అవి?"

"మా అక్కయ్య అండీ. ఒక్కతే ఉంటుంది, కాస్త వాగుతుంది" అన్నాడు తమ్ముడు.

రాఘవేంద్ర ఆమె వైపు తిరగలేదు. "మా లాన్‌లో బార్ కౌంటర్ ఉంది సార్. దానికి రెండు వైపులా ఈ లయన్స్ పెడితే లుక్ అదిరిపోద్ది. స్విమ్మింగ్ పూల్ దగ్గర ఏనుగు. ఎద్దుని చికెన్ కౌంటర్ ముందు పెట్టొచ్చు. కానీ ఇలా చచ్చుగా ఉంటే మా పార్ట్‌నర్స్ ఒప్పుకోరు. ఆదివారం వాళ్ళని తీసుకొస్తా. క్రేనూ, లారీ కూడా తెస్తా. నచ్చితే అప్పటికప్పుడే ఎత్తేస్తాం."

"ఆదివారం వచ్చి చూడండి, మీరే గుర్తుపట్టరు" అన్నాడు పాండురంగారావు. అతనికి అప్పుడే తట్ట పైవరస కళ్ళముందు మెదిలింది.

కారు వెళ్ళాక సుభద్ర బియ్యం చేట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఒరేయ్ పాండూ, వీటినెందుకురా పంపేస్తావు? తిండి అడిగాయా, బట్ట అడిగాయా?"

"లారీ తిరగట్లేదక్కా. ఇక్కడ షెడ్డు వేస్తాను. కాయల్ని గ్రేడింగు చేసే మిషను పెడతాను. ఈ సంతంతా అడ్డం."

"లారీని ఆ దడి వైపు నుంచి తిప్పుకో."

"రాళ్ళ కోసం లారీని తిప్పుకోవాలా?"

"పోనీ, నా కోసం తిప్పుకో."

అతను నవ్వాడు. చిన్నపిల్లలు మారాం చేస్తే నవ్వే నవ్వు. "నీకేం కావాలో చెప్పక్కా. పెద్ద టీవీ కొనిస్తా. గదికి ఏసీ పెట్టిస్తా. చల్లగా కూర్చుని సీరియళ్ళు చూసుకో."

"బంగళా నీది, తోట నీది. నేనెప్పుడైనా నోరెత్తానా? ఈ అయిదింటినీ ఉంచరా. నువ్వు కాపు చూసుకోడానికి వచ్చి గంట కూర్చుని పోతావు. ఏడాది పొడుగునా నాతో ఉండేవి ఇవేరా."

"రాళ్ళతో మాట్లాడుతున్నావని ఎవరి దగ్గరా అనకు, పరువు పోద్ది" అని అతను కారెక్కాడు.

ఆ తమ్ముణ్ణి ఆమె ఎత్తుకుని పెంచింది. ముక్కు తుడిచింది, స్లేటు మీద అక్షరాలు దిద్దించింది. ఆ ముక్కుకు ఇంత పొగరెక్కడిదని ఆమె ఆ సాయంత్రమంతా జిరాఫీని అడిగింది.

మర్నాడే రంగుల డబ్బాలతో ఆరోగ్యం దిగాడు. కొట్లకు బోర్డులు రాస్తాడు, క్రిస్మస్‌కు చర్చిలో పశువులపాక కడితే గొర్రెలకూ ఒంటెలకూ రంగులు వేస్తాడు. వెనకే కారులో పాండురంగారావు భార్య కమలకుమారి వచ్చింది. ఆమెకు దేవుడంటే భయం, మనుషులంటే చులకన. మెడలో ఉన్న బంగారం బరువుకు తల ఎప్పుడూ కాస్త ముందుకు వంగి ఉండేది. చూసేవాళ్ళు దాన్ని వినయం అనుకునేవాళ్ళు.

"సింహాలకి బంగారు రంగు వెయ్యి. మీసాలు నల్లగా నిగనిగలాడాలి" అంది కమలకుమారి కుర్చీలో కూర్చుంటూ.

"ఏనుక్కి బూడిదరంగు వెయ్యనా అమ్మగారూ?"

"బూడిదేంటయ్యా, అశుభం! తెల్లగా వెయ్యి. ఎద్దు కొమ్ములకి నీలం."

"మరి ఈ గాడిదకి?"

"అది జిరాఫీ" అంది సుభద్ర వసారాలోంచి.

ఆరోగ్యం దాని చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి వచ్చాడు. "ఎవరికీ చెప్పనులెండి అమ్మగారూ" అని జిరాఫీ గుంటల్లో గోధుమరంగు నింపసాగాడు.

మధ్యాహ్నానికి దివాను బంగళా ముందు తిరనాళ్ళ బొమ్మల కొట్టు వెలిసింది. అన్నేళ్ళ ఎండా వానా కలిసి ఆ రాళ్ళకు ఒక నలుపు తెచ్చాయి, తాకితే చల్లగా ఉండే నలుపు. ఆ నలుపు మీద ఎనామిల్ పెయింటు పులుముతుంటే సుభద్రకు తన మొహానికే పులిమినట్టు కంపరం పుట్టింది. సింహాలు అచ్చం పెళ్ళి బ్యాండు వాళ్ళలా ఉన్నాయి.

ఆరోగ్యం సన్న కుంచె తీసి నల్లరంగులో ముంచి, సింహం కన్ను దగ్గరకు తీసుకెళ్ళాడో లేదో కమలకుమారి కుర్చీలోంచి కెవ్వున కేక పెట్టింది.

"ఆగు! ముహూర్తం లేకుండా కళ్ళు దిద్దుతావా? విస్సన్నపేటలో మా పిన్ని వాళ్ళు రైసుమిల్లు మీద సిమెంటు సింహానికి వర్జ్యంలో కళ్ళు వేయించారు. వారం తిరక్కుండా మోటారు కాలిపోయింది."

"మోటారు కాలిపోడానికి సింహం ఎందుకు కమలా, మీ బాబాయి పిసినారితనం చాలు" అంది సుభద్ర.

కమలకుమారి వినిపించుకోలేదు. భర్తకు ఫోను చేసింది. భయం ఆమెదైతే, అందులోంచి వ్యాపారం తీసింది అతను. పంతులుగారిని పెట్టి, సన్నాయి పెట్టి, ఆదివారం నాడు ఆ హైదరాబాదు వాళ్ళ ఎదుటే కళ్ళు తెరిపిస్తే! సరుకు విలువ ఎంత పెరుగుతుంది! ఆ సాయంత్రమే పురోహితుడు భావనారాయణగారిని కారులో కూర్చోబెట్టుకుని వచ్చేశాడు.

భావనారాయణగారు నెమ్మదస్తుడు. పాండురంగారావు ఇంట్లో వ్రతాలూ పెళ్ళిళ్ళూ ఆయనే చేయిస్తాడు. ఒక్కొక్క జంతువునూ చూసుకుంటూ వచ్చాడు.

"సింహం నరసింహస్వామికి సరిపోతుంది. ఏనుగు ఐరావతం. ఎద్దు నందీశ్వరుడు. బావుంది. ఏ మోస్తరుగా చేయమంటారండీ? ఊరికే కళ్ళు దిద్ది కొబ్బరికాయ కొట్టడం ఒక పద్ధతి. ప్రాణప్రతిష్ఠ చేసి కళ్ళు తెరిపించడం ఇంకో పద్ధతి. అది చాలా పెద్దది."

పాండురంగారావు చెవి దగ్గర ఫోనుంది. ఢిల్లీ వెళ్ళే లారీ ఎక్కడో ఆగిపోయింది. "పెద్దదే! పెద్దదే చెయ్యండి!" అన్నాడు. చిన్నదీ పెద్దదీ పక్కపక్కన పెడితే, జనం చూస్తుండగా చిన్నది తీసుకోవడం అతని జన్మలో లేదు.

"అది చేశాక మరి..."

"తర్వాతది తర్వాత చూద్దాం పంతులుగారూ! హలో, ఒరేయ్, డ్రైవరెక్కడ చచ్చాడ్రా?" అంటూ గేటు వైపు నడిచాడు.

భావనారాయణగారు మజ్జిగ గ్లాసుతో నిలబడ్డ సుభద్ర వైపు తిరిగాడు. "అమ్మా, మీరైనా చెప్పండి. ప్రాణప్రతిష్ఠ చేశాక రోజూ దీపం, నైవేద్యం తప్పకూడదు. వాటిని ఉన్న చోటు నుంచి కదపనూకూడదు. మళ్ళీ నన్ననకూడదు."

సుభద్ర చేతిలో గ్లాసు తొణికింది. కదపకూడదు! దేవుళ్ళయితే ఏనుగు మీద తాండ్ర పోయడానికి ఉండదు, ఎద్దు మీద ఒరుగులు ఉండవు. అయినా సారా సీసాల మధ్య నిలబడటం కంటే, చికెను కౌంటరు ముందు కాపలా కాయడం కంటే దేవుళ్ళయితేనే నయం. ఇక్కడే ఉంటాయి, కళ్ళ ముందు ఉంటాయి.

"మరి దీనికి?" అంది జిరాఫీని చూపిస్తూ.

ఆయన దాన్ని కిందా మీదా చూశాడు. "దీని మీద ఏ దేవుడూ ఎక్కలేదమ్మా. నా దగ్గర దీనికి మంత్రం లేదు. దీన్ని వదిలేద్దాం."

అప్పుడే పాండురంగారావు ఫోను జేబులో పెట్టుకుంటూ తిరిగివచ్చాడు.

"పాండూ, పంతులుగారు నీకో మాట చెప్పమన్నారు" అంది సుభద్ర. ఎంత కోపం ఉన్నా మాట చేరవేయకపోవడం ఆమెకు చేతకాదు.

"నువ్వేం చెప్తావో నాకు తెలుసక్కా. లారీని దడి వైపు తిప్పుకోమంటావు. నీ మాటలు వినే తీరిక నాకు లేదు" అన్నాడు అతను.

"సరే నాయనా" అంది సుభద్ర. ఆమె అంత తొందరగా ఊరుకోవడం అతను ఎన్నడూ ఎరగడు. తెలివైనవాడైతే అక్కడే అనుమానించేవాడు.

ఆదివారం ఉదయానికి షామియానా లేచింది. సన్నాయి వచ్చింది. తొలిచూపు మంచివాటి మీద పడాలని నిలువుటద్దం తెచ్చి నిలబెట్టారు, దూడతో సహా ఆవును తోలుకొచ్చారు. ముత్తైదువ స్థానంలో పట్టుచీరతో కమలకుమారి నిలుచుంది. నిలుచునే ముందు వంటింట్లోకి వచ్చి గొంతులో తేనె పోసుకుంది.

"వదినగారూ, మీరు లోపలే ఉండి పులిహోర చూసుకోండి. ఎండలో మీకెందుకు శ్రమ!"

"ఎండ వంటింట్లోకి రాదులే కమలా. వెళ్ళు, వెళ్ళి వెలుగు" అంది సుభద్ర.

ఆమె చేతి పులిహోర అందరికీ పనికొస్తుంది. ఆమె మొహమే పనికిరాదు. ఈ లెక్క ఎప్పటికీ ఆమెకు అర్థమయ్యేది కాదు, అర్థం చేసుకోవాలనీ అనిపించేది కాదు. కిటికీలోంచి చూస్తూ చింతపండు గుజ్జు కలిపింది. మంత్రాలు నడిచాయి. భావనారాయణగారు ఒక్కొక్క జంతువు దగ్గరా ఆగి, కుంచెతో కళ్ళు తెరిపించి, అద్దం చూపించాడు. రెండు సింహాలూ, ఏనుగూ, ఎద్దూ కళ్ళు విప్పి కమలకుమారి నగలను చూశాయి. ఇద్దరు భాగస్వాములతో వచ్చిన రాఘవేంద్ర తెల్లబూట్లు విప్పి, చేతులు కట్టుకుని నిలబడి వీడియో తీయించుకున్నాడు. గేటు అవతల క్రేను, వరిగడ్డి పరిచిన లారీ సిద్ధంగా ఉన్నాయి. మామిడికాయలకు పరిచినట్టే పరిచారు.

"సూపర్ సార్! ఇప్పుడు వచ్చింది లుక్కు" అన్నాడు రాఘవేంద్ర. భాగస్వాములు తలలూపారు.

హారతి అయింది. భావనారాయణగారు చెమట తుడుచుకుంటూ పాండురంగారావును అడిగాడు. "రేపటి నుంచి నైవేద్యం ఎవరు పెడతారండీ?"

"రేపటికి ఇవి హైదరాబాదులో ఉంటాయండీ. వాళ్ళే చూసుకుంటారు."

"హైదరాబాదులో ఏ గుడి?"

"గుడేంటండీ? రిసార్టు."

పంతులుగారి చేతిలో హారతి పళ్ళెం వంగింది. "ప్రాణప్రతిష్ఠ చేసినవాటిని కదుపుతారా? అందులోనూ రిసార్టుకా? అక్కడ ఎక్కడ పెడతారు?"

రాఘవేంద్ర ఇంకా వీడియో ధ్యాసలోనే ఉన్నాడు. "లయన్స్ బార్ కౌంటర్ పక్కన స్వామీ. బుల్ చికెన్..."

కమలకుమారి రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత నోరు తెరిచింది, తెరిచాక మూయలేదు. "నరసింహస్వామిని బార్‌లోనా! ఏమండీ, మన పిల్లలు పచ్చగా ఉండాలా వద్దా? మీకు బుద్ధుందా? నేను చచ్చినా ఒప్పుకోను. మా పిన్ని వాళ్ళకి ఒట్టి కళ్ళకే మోటారు కాలిపోయింది, మనకి కొంపే అంటుకుంటుంది!"

సన్నాయి వాళ్ళు వాయించడం ఆపేశారు. పాండురంగారావు మొహం మాగబెట్టిన కాయలా అక్కడక్కడా రంగు మారింది. పంతులుగారిని పక్కకు లాక్కెళ్ళాడు గానీ గొంతు తగ్గించడం అతనికి చిన్నప్పట్నుంచీ రాదు.

"అయితే ఆ పోసిన ప్రాణం తీసేయండి పంతులుగారూ. దానికెంతవుద్దో చెప్పండి."

"నేను పంతుల్నండీ, యముణ్ణి కాను" అన్నాడు భావనారాయణగారు. అంత నెమ్మదస్తుడికీ కోపం వచ్చింది. "పెద్దదే చెయ్యమన్నది మీరు. తర్వాత సంగతి మీ అక్కగారికి చెప్పి మరీ వెళ్ళాను."

అందరూ వంటింటి వైపు చూశారు. గుమ్మంలో గరిటెతో సుభద్ర నిలబడి ఉంది.

"చెప్పబోయాను. వినే తీరిక లేదన్నాడు" అంది.

కొంతసేపు పాండురంగారావు అక్కను చూశాడు, అక్క అతన్ని చూసింది. అద్దాన్ని ఇంకా ఎవరూ తీయలేదు కాబట్టి అతను తన్ను తాను కూడా చూసుకున్నాడు. ఏమీ నచ్చినట్టు లేదు.

భాగస్వాములు ఇద్దరూ గడియారాలు చూసుకున్నారు. క్రేను అద్దె ఊరికే పోతుందని రాఘవేంద్రకు దిగులు పట్టుకుంది. అటూ ఇటూ చూశాడు, చూపు జిరాఫీ మీద ఆగింది. పసుపురంగుతో, గోధుమ మచ్చలతో, గుడ్డి రాతిగుడ్లతో అది ఓ మూల నిలబడి ఉంది.

"పోనీ ఆ గాడిదని ఇవ్వండి సార్. దానికి పూజ చెయ్యలేదుగా? పెళ్ళిళ్ళ లాన్ ముందు పెడితే పిల్లలు ఎక్కి సెల్ఫీలు తీసుకుంటారు."

పాండురంగారావుకు పోయిన ఊపిరి సగం తిరిగివచ్చింది. "తీసుకోండి, తీసుకోండి! దానికి దేవుడే లేడు. అన్నిటికంటే పాతది అదే!"

క్రేను లోపలికి వచ్చింది. మనుషులు జిరాఫీ కొమ్ములకున్న తాడు కోసిపారేసి, పొట్ట కింద నుంచి బెల్టు తిప్పారు. నలుగురు దక్కారు కదా, పోనీలే అని సర్దుకోవడానికి సుభద్ర ప్రయత్నించింది. ఆమె అన్నిటికీ సర్దుకున్న మనిషే. మొగుడు పోయినా సర్దుకుంది, పుట్టింటివాళ్ళు పంపేసినా సర్దుకుంది. కానీ ఆ మెడలేని ముండ, ఏ దేవుడికీ పనికిరాక, ఏ మంత్రానికీ నోచుకోక, అందరూ వద్దనుకున్న మూల అలా నోరు లేకుండా నిలబడి ఉంటే సర్దుకోవడం ఆమె వల్ల కాలేదు.

గరిటె గుమ్మం దగ్గర పెట్టింది. మెట్లు దిగింది. ఆవు పక్కనుంచి, కమలకుమారి పక్కనుంచి, సన్నాయి వాళ్ళ మధ్యనుంచి నడిచింది. షామియానా గుంజ దగ్గర కూర్చున్న ఆరోగ్యం చేతిలోంచి కుంచె తీసుకుంది.

"అమ్మగారూ?" అన్నాడు ఆరోగ్యం.

"రంగేది?"

అతను డబ్బా అందించాడు. సుభద్ర కుంచెను నిండా ముంచి, జిరాఫీ ఎదురుగా నిలబడి, ఎడమవైపు రాతిగుడ్డు మీద గుండ్రంగా, గట్టిగా, నల్లటి కన్ను దిద్దింది. రంగు దాని బుగ్గ మీదికి కారింది.

"వదినా! మీ చేత్తోనా!" అని కమలకుమారి అరిచింది. 'గారూ' ఎక్కడో జారిపోయింది. "అయ్యయ్యో, మీ చేత్తో కళ్ళు... తొలిచూపు మీ మీద..."

ఆపేసింది. తన నోట్లోంచి ఏం రాబోతోందో తనకే తెలిసింది.

"అనెయ్యి కమలా, ఆగావేం?" అంది సుభద్ర. "ఇన్నేళ్ళూ అనుకుంటున్నదేగా. ఇవాళ పదిమందిలో అను." సుభద్ర రాఘవేంద్ర వైపు తిరిగింది. "నేను చెప్తా వినండి బాబూ. నేను విధవరాలిని. పొద్దున్నే నేనెదురొస్తే మా తమ్ముడు కొట్టు తెరవడు. అటువంటిదాన్ని దీనికి కన్ను తెరిచాను. అద్దం చూపలేదు, ఆవుని చూపలేదు. ఇది మొదట చూసింది నా మొహమే. తీసుకెళ్ళండి. మీ పెళ్ళిళ్ళ లాన్ ముందు పెట్టుకోండి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ దీని పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు."

రాఘవేంద్ర నల్లకళ్ళద్దాలు తీశాడు. బార్ కౌంటరు, స్విమ్మింగు పూలు, ఇంగ్లీషు ముక్కలు అన్నీ ఒక్కసారిగా మొహంలోంచి దిగిపోయాయి. మణికట్టు మీద ఎర్రదారాలను తడుముకున్నాడు. "అంటే... నాకలాంటి నమ్మకాలు లేవండీ" అన్నాడు వెనక్కి అడుగులు వేస్తూ. "కానీ క్లయింట్స్‌కి ఉంటాయి కదా."

"ఉంటాయి, ఉంటాయి. క్లయింట్లకే ఉంటాయి" అంది సుభద్ర.

"సార్, అది ఒట్టి రంగు! మంత్రం లేదు, ఏం లేదు! కిరసనాయిలు పెట్టి తుడిస్తే పోద్ది!" అని పాండురంగారావు కారు దాకా వెంటపడ్డాడు. రాఘవేంద్ర కారు తలుపు వేసుకుని, అద్దం కాస్త దించి, "పులిహోర బావుంటుందన్నారు, ఇంకోసారి చూద్దాం సార్" అని చెప్పి పోయాడు. బెల్టు విప్పుకుని క్రేను వెళ్ళిపోయింది. గడ్డి పరిచిన లారీ దడి వైపు నుంచి చక్కగా, ఎక్కడా తగలకుండా తిరిగి వెళ్ళింది.

పాండురంగారావు అక్క ముందుకు వచ్చి నిలబడ్డాడు. తిడదామనే వచ్చాడు. కానీ తిట్టాలంటే ఆమె ఏం చేసిందో చెప్పాలి, చెప్పాలంటే ఆమె చేతికి ఏముందని భయమో చెప్పాలి. అది తట్ట పైవరసలో పెట్టే కాయ కాదు. "పరువు తీశావక్కా" అన్నాడు చివరకు.

"ఉంటే తీసేదాన్నిరా. వెళ్ళు, ఆకలేస్తుంటే పులిహోర తిను."

అతను తినలేదు. కారులో కూర్చుని ఏసీ వేసుకున్నాడు. కమలకుమారి మాత్రం వచ్చింది. గొంతులో తేనె మళ్ళీ పోసుకుంది. "వదినగారూ, రోజూ నైవేద్యం అంటున్నారు పంతులుగారు. మీరెలాగూ ఇక్కడే ఉంటారు. మీరు వండిపెడితే, పంతులుగారు వచ్చి పెట్టేస్తారు. మీరు ఎదురుగా రానక్కర్లేదు."

"నీ దేవుళ్ళు కమలా అవి. నగలు చూపించి కళ్ళు తెరిపించినదానివి నువ్వు" అంది సుభద్ర, అరటాకులు దులుపుతూ. "నూజివీడు ఎంత దూరం? పొద్దున్నే వండుకుని, మడి కట్టుకుని, కారెక్కి వచ్చెయ్యి. ఒక్క పూట తప్పించినా ఏమవుతుందో నాకు తెలియదమ్మా. మీ పిన్నినడుగు."

కమలకుమారికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా మర్నాడు వస్తుంది. ఆ మర్నాడూ వస్తుంది. మోటారు కాలిపోయిన మాట ఆమెను వదలదు. పంతులుగారు దక్షిణ తీసుకుని, సుభద్ర వైపు చూసి, చేతులు జోడించి వెళ్ళాడు.

అందరూ వెళ్ళాక ఆవూ దూడా షామియానా కింద మిగిలాయి. వాటి తాలూకు మనిషి భోజనం చేస్తున్నాడు. ఆరోగ్యం డబ్బాలు సర్దుకుంటూ జిరాఫీ దగ్గర ఆగాడు.

"అమ్మగారూ, ఒక్క కన్నేనా? రెండోది అలా గుడ్డిగా ఉంచేస్తారా?"

"నువ్వే వెయ్యి. నేను వేస్తే మళ్ళీ బుగ్గ మీదికి కారుతుంది." ఆమె మెట్టు మీద, బంగారు సింహం పక్కన కూర్చుంది. పక్కనున్నది దేవుడని గుర్తొచ్చి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

ఆరోగ్యం డబ్బాలోకి తొంగిచూశాడు. "నలుపు అయిపోయిందమ్మగారూ. అంతా ఆ మీసాలకే పోయింది. ఎద్దు కొమ్ములకి తెచ్చిన నీలం కాస్త ఉంది."

"నీలమే వెయ్యి" అంది సుభద్ర.